రోజూ "సక్సెస్" మెయిల్ వస్తోంది, ఇంకా ఏం చూడాలి?

ప్రశ్న: నేనొక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కంప్యూటర్ కాస్త తెలుసన్న పాపానికి సిస్టమ్స్ బాధ్యత కూడా నా నెత్తినే పడింది. పాతిక కంప్యూటర్లు, ఒక విండోస్ సర్వర్, ఒక లినక్స్ సర్వర్, ఒక నాస్ (నెట్‌వర్క్ మీద అందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) ఉన్నాయి. తెలిసినవాళ్ల ఆఫీసులో ర్యాన్సమ్‌వేర్ పడి ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి. అప్పటి నుంచి మా ఎండీ గారు "నెట్‌వర్క్ ఆడిట్ ఎంతవరకు వచ్చింది, బ్యాకప్ సరిగ్గా ఉందా" అని కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. కాలీ లినక్స్ దించుకుని చూస్తే అందులో వందల టూల్స్, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బ్యాకప్ మాత్రం రోజూ రాత్రి సర్వర్‌కి తగిలించిన ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి, నాస్‌లోకి వెళ్తోంది, పొద్దున్నే "సక్సెస్" అని మెయిల్ కూడా వస్తోంది. ఆడిట్‌కి ఏ టూల్స్ వాడాలి? డబ్బు పెట్టడానికి ఎండీ గారు సిద్ధమే. ఏది కొనమంటారు?

సమాధానం: ముందు ఆ కాలీ లినక్స్‌ని పక్కన పెట్టేయండి. అది చెడ్డదని కాదు. ఇతరుల నెట్‌వర్క్‌లోకి చొరబడి చూపించడం వృత్తిగా చేసేవాళ్ల కోసం కట్టిన మూట అది, మీ పనికి అందులో రెండు మూడు చాలు, అవి విండోస్‌లో కూడా దొరుకుతాయి.

మీరు ఆడిట్ వేరు, బ్యాకప్ వేరు అన్నట్టు రాశారు, దాదాపు అందరూ అలాగే అనుకుంటారు. నా లెక్కలో రెండూ ఒకటే పని. ర్యాన్సమ్‌వేర్ నడిపేవాళ్లు ఇప్పుడు లోపలికి రాగానే ఫైళ్లు లాక్ చేయరు, ముందు బ్యాకప్ ఎక్కడుందో వెతుకుతారు. బ్యాకప్ చేతిలో ఉన్నవాడు డబ్బు కట్టడని వాళ్లకి తెలుసు కదా. అందుకే మీ ఆడిట్ మొదలవ్వాల్సింది రౌటర్ దగ్గరో ఫైర్‌వాల్ దగ్గరో కాదు, బ్యాకప్ దగ్గర.

మొదటి పరీక్షకి ఏ టూలూ అక్కర్లేదు. మీ ఆఫీసులో మామూలు ఉద్యోగి ఎవరిదైనా ఒక కంప్యూటర్ తీసుకోండి, వాళ్ల లాగిన్‌తోనే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నాస్ అడ్రస్ కొట్టండి. బ్యాకప్ ఫోల్డర్ తెరుచుకుందా? తెరుచుకుంటే అందులో ఒక ఖాళీ టెక్స్ట్ ఫైల్ చేసి, దాన్ని డిలీట్ చేసి చూడండి. అది జరిగిందంటే, ఆ ఉద్యోగి ఏదో ఒక రోజు పొరపాటున నొక్కే అటాచ్‌మెంట్ కూడా మీ బ్యాకప్ మొత్తాన్ని అలాగే డిలీట్ చేయగలదు. తర్వాత ఇదే పరీక్ష సర్వర్ నుంచి, అడ్మిన్ లాగిన్‌తో చేయండి. అక్కడ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎప్పుడూ తగిలించే ఉంటుందన్నారు కాబట్టి జవాబు చెప్పక్కర్లేదు, సర్వర్ పోయిన రోజు అదీ పోతుంది. విండోస్ తనంతట తాను దాచే ఫైళ్ల పాత రూపాలు, అంటే షాడో కాపీల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు, వాటిని తుడిచేయడానికి విండోస్‌లోనే కమాండ్ ఉంది, ర్యాన్సమ్‌వేర్ చాలావరకు ముందు ఆ కమాండే నడుపుతుంది.

దీన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. నాస్‌లో బ్యాకప్ కోసం విడిగా ఒక యూజర్‌ని పెట్టండి, ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఆ యూజర్‌కి తప్ప ఎవరికీ ఉండకూడదు, ఆ పాస్‌వర్డ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో తప్ప ఏ కంప్యూటర్‌లోనూ సేవ్ అయి ఉండకూడదు. నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్, విండోస్ సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే అయితే ఈరోజే మార్చండి. నాస్‌లో స్నాప్‌షాట్ సౌకర్యం ఉంటే ఆన్ చేయండి, బయటి నుంచి ఫైళ్లు చెరిపేసినా పాత రూపం నాస్ లోపల మిగులుతుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు రెండు పెట్టుకుని వారం వారం మార్చండి, ఒకటి తగిలించి ఉన్నప్పుడు రెండోది ఆఫీసు బయట ఎక్కడో ఉండాలి.

ఇక ఆ "సక్సెస్" మెయిల్ సంగతి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది తెలుసుకుంటే ఆ మెయిల్‌ని మళ్లీ అదే కళ్లతో చూడలేరు. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో ఒక ఫోల్డర్ ఖాళీ చేయబోయి, అసలు సర్వర్‌లో ఖాళీ చేశాడు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో సుమారు నాలుగున్నర జీబీ మిగిలింది. సరే, బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, రోజూ క్లౌడ్‌లోకి వెళ్లాల్సిన డంప్ ఫైళ్ల (డేటాబేస్‌లో ఉన్నదంతా ఫైల్‌గా తీసిన నకళ్ల) చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రామ్ మాత్రం పాత 9.2. అందుకే అది ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయినట్టు మెయిల్ వెళ్తోంది కూడా, కానీ పంపినవారి ధ్రువీకరణ సరిగ్గా లేక అందుకునే మెయిల్ సర్వర్ ఆ మెయిళ్లని తిప్పి కొడుతోంది, ఎవరికీ చేరట్లేదు. డిస్క్ స్నాప్‌షాట్లు ఉన్నాయనుకుంటే, డేటాబేస్ సర్వర్లకి అవి ఆన్ చేసి లేవు. చివరికి ఆ ఇంజనీరే ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఇదంతా వాళ్లే దాచకుండా రాసి పెట్టారు, అందుకే మనకి ఇంత వివరంగా తెలుసు.

మెయిల్ రాలేదంటే అంతా బాగుందని కాదు. వచ్చినా, పని పూర్తయిందని సాఫ్ట్‌వేర్ అనుకుంటోందనే దానర్థం. ఏ ఫోల్డర్‌ని బ్యాకప్ చేయమన్నారో అది చేసింది, మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ఆర్నెల్ల కింద అప్‌డేట్ అయ్యి డేటాని వేరే ఫోల్డర్‌లోకి మార్చుకుంటే పాత ఖాళీ ఫోల్డర్‌ని రోజూ "సక్సెస్" గా కాపీ చేస్తూనే ఉంటుంది. అందుకే మెయిల్ సబ్జెక్ట్ దగ్గర ఆగకండి. లోపల సైజు, ఫైళ్ల సంఖ్య, పట్టిన టైమ్ ఉంటాయి, వాటిని పోయిన నెల మెయిల్‌తో పోల్చండి. సైజు హఠాత్తుగా తగ్గితే ఏదో తప్పిపోయింది. మారిన ఫైళ్లని మాత్రమే తీసుకునే ఇంక్రిమెంటల్ బ్యాకప్ హఠాత్తుగా పది రెట్లు పెరిగితే ఇంకా ఎక్కువ కంగారు పడాలి, ఎందుకంటే ఉన్నట్టుండి వేల ఫైళ్లు ఒకేసారి మారిపోయాయంటే ఎవరో వాటిని ఎన్‌క్రిప్ట్ చేస్తూ ఉండొచ్చు. అకౌంట్స్ మనిషి కాబట్టి ఈ పని మీకు ఇంజనీర్ల కంటే బాగా వస్తుంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌ని లెడ్జర్‌తో సరిచూసుకున్నట్టే.

తర్వాత రీస్టోర్, అంటే బ్యాకప్ నుంచి డేటాని వెనక్కి తెచ్చుకోవడం. ఈ నెలలో మీరు చేయాల్సిన అసలు పని ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. ఏ ఫైల్ రీస్టోర్ చేయాలో మీరు ఎంచుకోకండి, పక్క సీటులో ఉన్నవాళ్లని అడగండి, "మూడు వారాల క్రితం నువ్వు పనిచేసిన ఫైల్ ఏదైనా ఒకటి చెప్పు" అని. దాన్ని వేరే ఫోల్డర్‌లోకి తీసి, తెరిచి, వాళ్లకే చూపించండి. అది కుదిరాక అకౌంట్స్ డేటాబేస్. వేరే కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ పెట్టి, బ్యాకప్ నుంచి డేటా ఎక్కించి, చివరి బిల్లు నంబరు, ఆ రోజు క్లోజింగ్ బ్యాలెన్స్ అసలు దాంతో సరిపోయాయా చూడండి. చాలా ఆఫీసుల్లో కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్లని మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో కాపీ అవుతాయి, సైజు సరిగ్గానే ఉంటుంది, తెరుచుకోదు. డేటాబేస్‌కి దాని సొంత డంప్ పద్ధతి వాడాలి, లేదా నడుస్తున్న డేటాబేస్‌ని కాసేపు నిలిపి ఫోటో తీసినట్టు తీసుకునే విండోస్ షాడో కాపీ సేవని వాడుకునే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉండాలి.

మూడోది మొత్తం సర్వర్‌ని ఒక ఖాళీ కంప్యూటర్ మీదో వర్చువల్ మెషిన్‌గానో లేపడం. ఇక్కడ ఒక జాగ్రత్త. అలా లేపేటప్పుడు నెట్‌వర్క్ కేబుల్ తీసేసి ఉండాలి. లేకపోతే అదే పేరు, అదే ఐపీ అడ్రస్‌తో రెండు సర్వర్లు ఒకే నెట్‌వర్క్‌లో కొట్టుకుంటాయి. పైగా లేచిన సర్వర్‌కి తాను నకలునని తెలియదు. షెడ్యూల్ ప్రకారం కస్టమర్లకి పాత బిల్లులు మెయిల్ చేయడం మొదలుపెడుతుంది.

రీస్టోర్ చేసేటప్పుడు టైమ్ రాసుకోండి. 2 టీబీ డేటా గిగాబిట్ నెట్‌వర్క్ మీద వెనక్కి రావాలంటే, డిస్కులు ఆ వేగాన్ని అందుకుంటే, సుమారు 5 గంటలు. మధ్యలో ఎక్కడో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి కూర్చుంటే అదే పని రెండు రోజులు. 50 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీద క్లౌడ్ నుంచి దించాలంటే దాదాపు నాలుగు రోజులు. ఎండీ గారికి మీరు చెప్పాల్సిన లెక్క ఇదే. "బ్యాకప్ ఉందా" అని అడిగితే ఉందనో లేదనో కాకుండా, "సోమవారం పొద్దున సర్వర్ పోతే బుధవారం సాయంత్రానికి పని మొదలవుతుంది, ఆదివారం రాత్రి బ్యాకప్ వరకు చేసిన పని ఉంటుంది, ఆ తర్వాత చేసింది ఉండదు" అని చెప్పండి. అది సరిపోతుందో లేదో తేల్చాల్సింది ఆయన, మీరు కాదు.

బ్యాకప్ టూల్స్ విషయంలో నా ఎంపికలు ఇవి. నడుస్తున్న విండోస్ మెషిన్ మొత్తాన్ని ఇమేజ్‌గా (డిస్క్‌కి ఉన్నదున్నట్టు నకలుగా) తీయడానికి వీమ్ ఏజెంట్‌లో ఉచిత వెర్షన్ సరిపోతుంది. దాంతో వచ్చే రికవరీ యూఎస్‌బీని ఇప్పుడే తయారు చేసి, దాంతో సర్వర్‌ని ఒకసారి బూట్ చేసి, అక్కడి నుంచి నాస్ కనిపిస్తోందో లేదో చూడండి, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ లేక నాస్ కనబడని రోజు ఆ యూఎస్‌బీ ఉన్నా లేనట్టే. మామూలు కంప్యూటర్ని సెట్ చేసినది సెట్ చేసినట్టు భద్రపరచాలంటే క్లోన్‌జిల్లా, దాని తెరలు చూసి భయమేస్తే రెస్క్యూజిల్లా. ఇవి యూఎస్‌బీతో బూట్ అయ్యి పనిచేస్తాయి. వాటితో రీస్టోర్ చేసే డిస్క్ మామూలుగా పాతదాని అంతో, అంతకంటే పెద్దదో అయి ఉండాలి. 512 జీబీ ఇమేజ్‌ని 500 జీబీ డిస్క్‌లోకి ఎక్కించబోయి అర్ధరాత్రి తల పట్టుకునేవాళ్లు కోకొల్లలు. లినక్స్ సర్వర్‌లో ఫైళ్లకి రెస్టిక్ వాడండి. అది అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది, ఒకే డేటాని రెండుసార్లు దాచదు. రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ పోయినట్టే, దాన్ని తీసే మార్గం ఎవరి దగ్గరా లేదు. అందుకే కాగితం మీద రాసి లాకర్‌లో పెట్టండి, ఆ సర్వర్‌లోనే టెక్స్ట్ ఫైల్‌లో పెట్టుకోవడం మొదటికే మోసం. రెండోది, దాని చెక్ కమాండ్ మామూలుగా పైపై నిర్మాణాన్నే చూస్తుంది, దాచిన డేటాని నిజంగా చదివి సరిచూడాలంటే విడిగా ఆప్షన్ ఇవ్వాలి. నెలకోసారైనా అది నడపండి.

డిస్కులు జతగా పనిచేసే రెయిడ్ ఉంది కదా, క్లౌడ్ సింక్ ఉంది కదా అని ఎవరైనా అంటే, 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ దెబ్బ తిన్న మెర్స్క్ షిప్పింగ్ కంపెనీ సంగతి చెప్పండి. ప్రపంచమంతా ఉన్న వాళ్ల డొమైన్ కంట్రోలర్లు (ఉద్యోగులందరి లాగిన్‌లని నడిపే సర్వర్లు) ఎప్పటికప్పుడు ఒకదానితో ఒకటి సింక్ అవుతుండేవి, ఒకటి పోయినా మిగతావి ఉంటాయన్న ధీమా. అన్నీ ఒకేసారి పోయాయి. ఘానాలో ఒక్కటి మిగిలింది, అదీ దాడి జరిగినప్పుడు అక్కడ కరెంటు పోయి ఆ మెషిన్ నెట్‌వర్క్‌కి దూరంగా ఉంది కాబట్టి. మీ ఆఫీసులో ఆ పని కరెంటు కోతకి వదిలేయకుండా, రెండో డ్రైవ్‌ని మీరే ఊడదీసి పెట్టండి.

ఇప్పుడు స్కానింగ్‌కి వద్దాం. మొదలుపెట్టే ముందు ఎండీ గారి నుంచి ఒక మెయిల్ తీసుకోండి, ఏ తేదీన, ఏ ఐపీ అడ్రసులు, ఎవరు స్కాన్ చేస్తారో అందులో ఉండాలి. మీ సొంత ఆఫీసే కదా అని మొహమాటపడకండి. స్కాన్ చేస్తుండగా ఏదైనా ఆగిపోయినా, పక్క కంపెనీ వాళ్ల పరికరానికి తగిలినా, ఆ మెయిలే మీకు రక్ష. అద్దెకి తీసుకున్న క్లౌడ్ సర్వర్లకి ఆ కంపెనీ నియమాలు వేరే ఉంటాయి, అవి చదివాకే ముట్టుకోండి.

టూల్ ఎన్‌మ్యాప్, నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలున్నాయో వెతికి చూపించేది. 1997 నుంచి ఉంది, ఉచితం, బొమ్మల తెర కావాలంటే జెన్‌మ్యాప్ ఉంది. అడ్మిన్ హక్కులతో నడపండి. మొదటి స్కాన్ పోర్టులు (ప్రోగ్రామ్‌లు నెట్‌వర్క్‌తో మాట్లాడే నంబర్ల తలుపులు) చూడకుండా ఎవరెవరు బతికున్నారో అడిగే పింగ్ స్కాన్. మీ నెట్‌వర్క్ 192.168.1.0/24 అనుకుంటే ఆ రేంజ్ మొత్తం. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు ఎన్‌మ్యాప్ ఏఆర్‌పీతో (ఒకే నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతితో) అడుగుతుంది, కాబట్టి పింగ్‌కి జవాబివ్వని కంప్యూటర్లు కూడా బయటపడతాయి. వచ్చిన జాబితాని మీ దగ్గరున్న లిస్టుతో టిక్కులు పెట్టుకుంటూ చూడండి. పాతిక కంప్యూటర్లు, రెండు సర్వర్లు అన్నారు, నా అంచనా యాభై దాకా కనిపిస్తాయి. ప్రింటర్లు, సీసీ కెమెరాల రికార్డర్, హాజరు మెషిన్, కాన్ఫరెన్స్ గదిలో టీవీ, అందరి ఫోన్లు, ఎవరో ఎప్పుడో సిగ్నల్ సరిగ్గా లేదని తెచ్చి పెట్టిన చిన్న వైఫై రౌటర్. ఆ చివరిదే ఎక్కువసార్లు కొంప ముంచేది, పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది. ఎవరిదో తెలియని పరికరం కనిపిస్తే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబరు) పక్కన తయారీ కంపెనీ పేరు చూపిస్తుంది, దాన్ని పట్టుకుని వెతకండి. ఫోన్లు ఈమధ్య మ్యాక్ అడ్రస్‌ని మార్చి చూపిస్తున్నాయి, కంపెనీ పేరు రాని ప్రతిదీ దొంగ అనుకుని టెన్షన్ పడకండి.

రెండో స్కాన్ పోర్టులది. మామూలుగా నడిపితే ఎక్కువగా వాడే 1000 టీసీపీ పోర్టులు మాత్రమే చూస్తుంది, సర్వర్లకి, నాస్‌కి మాత్రం మొత్తం 65,535 చూడమని విడిగా చెప్పండి. ఏ పోర్టు వెనక ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్ ఉందో చెప్పే వెర్షన్ స్కాన్ కూడా పెట్టండి. ఒక తమాషా ఏమిటంటే, ప్రింటర్లలో 9100 పోర్టుకి ఏది పంపినా అది ప్రింట్ చేసేస్తుంది. అందుకే ఎన్‌మ్యాప్ వెర్షన్ స్కాన్‌లో 9100 నుంచి 9107 వరకు తనంతట తానే వదిలేస్తుంది. ఆ మర్యాద తెలియని స్కానర్ ఏదైనా నడిపితే ప్రింటర్ నుంచి పిచ్చి గీతల కాగితాలు గుట్టలుగా వస్తాయి. హాజరు మెషిన్ల లాంటి చిన్న పరికరాలు గట్టి స్కాన్‌కి హ్యాంగ్ అవ్వొచ్చు కూడా, కాబట్టి జీతాల రోజున మాత్రం పెట్టుకోవద్దు.

ఫలితాల్లో ప్రతి తెరిచిన పోర్టుకీ ఒకే ప్రశ్న వేయండి, ఇది ఎవరికి కావాలి? 23 అంటే టెల్‌నెట్, పాస్‌వర్డ్ దాచకుండా పంపే పాత పద్ధతి, దాన్ని ఆపేయాల్సిందే. 3389 రిమోట్ డెస్క్‌టాప్, మీరు తప్ప వాడేవాళ్లు లేకపోతే మీ కంప్యూటర్ నుంచి మాత్రమే వచ్చేలా ఫైర్‌వాల్ బిగించండి. 445 ఫైల్ షేరింగ్, సర్వర్లో, నాస్‌లో ఉండాల్సిందే గానీ పాతిక కంప్యూటర్లలోనూ ఎందుకు? 2017 మే 12న మొదలైన వాన్నక్రై ర్యాన్సమ్‌వేర్ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకింది ఆ దారినే, మైక్రోసాఫ్ట్ దాని ప్యాచ్‌ని మార్చిలోనే ఇచ్చేసినా. ఫైల్ షేరింగ్‌లో పాత పద్ధతి ఎస్‌ఎంబీ వన్ ఇంకా ఆన్‌లో ఉంటే ఆపేయండి. కాకపోతే ఆపే ముందు మీ జెరాక్స్ మెషిన్ స్కాన్ చేసిన కాగితాల్ని షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపుతుందేమో చూసుకోండి, పాత మెషిన్లు దాని మీదే నడుస్తాయి, ఆపిన అరగంటలో అందరూ మీ సీటు దగ్గరికి వస్తారు. డేటాబేస్ పోర్టులు 1433, 3306 ప్రతి కంప్యూటర్‌కీ కనిపించాల్సిన అవసరం ఉందా లేదా అన్నది మీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాళ్లని అడగండి.

ఇదంతా లోపలి నుంచి. బయటి నుంచి ఒకసారి చూడకపోతే ఆడిట్ సగమే. లాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి మీ ఆఫీసు పబ్లిక్ ఐపీని స్కాన్ చేయండి. దానికి ముందు రౌటర్ తెరలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, లేదా బయట కనిపించే ఐపీతో కలవకపోతే, మీరు స్కాన్ చేయబోయేది మీ రౌటర్‌ని కాదు, ఇంటర్నెట్ కంపెనీ పరికరాన్ని. అక్కడ ఆగిపోండి. మీ సొంత ఐపీయే అయితే, రిమోట్ డెస్క్‌టాప్ గానీ నాస్ లాగిన్ పేజీ గానీ బయటికి కనిపిస్తే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది మూసి రండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి పెట్టిన నాస్‌లనే ఏరి ఏరి లాక్ చేసింది, అంటే జనం బ్యాకప్ దాచుకున్న చోటే. ఇంటి నుంచి పని చేయాలంటే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) పెట్టండి, వైర్‌గార్డ్ తేలిక. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే లోపలి పరికరాలు మిమ్మల్ని అడక్కుండానే బయటికి తలుపులు తెరుచుకుంటాయి.

ఈ స్కాన్ ఫలితాల్ని ఫైల్‌గా సేవ్ చేసుకోండి. వచ్చే నెల మళ్లీ నడిపి, ఎన్‌మ్యాప్‌తో పాటే వచ్చే ఎన్‌డిఫ్‌తో రెండిటినీ పోలిస్తే కొత్తగా వచ్చిన పరికరం, కొత్తగా తెరుచుకున్న పోర్టు మాత్రమే కనిపిస్తాయి. నన్నడిగితే ఖరీదైన రిపోర్టు ఏడాదికొకటి కంటే ఈ అరపేజీ నెలకొకటి మేలు.

వల్నరబిలిటీ స్కానర్, అంటే సాఫ్ట్‌వేర్లలో తెలిసిన లోపాలని వెతికేది, రెండో నెలలో పెట్టుకోండి. ఓపెన్‌వాస్ ఉచితం, కానీ ఇన్‌స్టాల్ చేయడానికి, దాని డేటా దించుకోవడానికి ఓపిక కావాలి. నడిపాక ఎర్ర అక్షరాలతో వందల లైన్లు వస్తాయి, అది ప్రింట్ తీసి ఎండీ గారి టేబుల్ మీద పెట్టకండి, ఇద్దరికీ నిద్ర పట్టదు. లాగిన్ వివరాలు ఇచ్చి స్కాన్ చేయండి, ఇవ్వకపోతే బయటికి కనిపించే వెర్షన్ నంబరు చూసి ఊహిస్తుంది. లినక్స్‌లో వెర్షన్ నంబరు మార్చకుండానే ప్యాచ్‌లు వేస్తుంటారు కాబట్టి లేని జబ్బులు చాలా చూపిస్తుంది. మిగిలినవాటిలో ముందు బయటి నుంచి అందేవి, తర్వాత బ్యాకప్ వరకు దారి ఇచ్చేవి. ఒక్కో లోపానికి సీవీఈ నంబరు ఉంటుంది. నిజంగా దాడుల్లో వాడుతున్నవాటి జాబితాని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) 2021 నుంచి బహిరంగంగా ఉంచుతోంది, మీ నంబరు అందులో ఉంటే అది ఈ వారం పని. తీవ్రత స్కోరు పదికి తొమ్మిది పైన ఉన్నా ఆ జాబితాలో లేకపోతే, బయటికి కనబడకపోతే, దాని తర్వాత చూడొచ్చు. లినక్స్ సర్వర్‌కి లైనిస్ నడపండి, పది నిమిషాల్లో ఏమేం బిగించాలో చెబుతుంది. విండోస్ సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు లాగిన్‌లన్నీ ఒకచోట నడిపే వ్యవస్థ) ఉంటే, దానికి అలాంటి పరీక్షే చేసే పింగ్‌క్యాజిల్ నడపండి.

వైర్‌షార్క్ నేర్చుకోవాలని ఉంటే నేర్చుకోండి, మంచిదే, కానీ స్విచ్ ఉన్న నెట్‌వర్క్‌లో అది మీ కంప్యూటర్‌కి వచ్చే పోయే ట్రాఫిక్‌నే చూపిస్తుంది, అందరిదీ కనబడాలంటే స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ పెట్టాలి. ఇప్పటికిప్పుడు మీకు దాంతో పని లేదు. పాస్‌వర్డ్‌లు ఛేదించేవి, వైఫై పగలగొట్టేవి అసలే వద్దు.

బ్యాకప్ లేని ఫైల్ పోయిన రోజు కోసం కూడా కొంచెం చెబుతాను. డిలీట్ అయిన వెంటనే ఆ డిస్క్ వాడటం ఆపండి, రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్క్‌లోకి దించడం అసలుకే ఎసరు. టెస్ట్‌డిస్క్ పోయిన పార్టిషన్‌ని వెతుకుతుంది, ఫోటోరెక్ ఫైళ్లని వాటి లోపలి ఆకారం బట్టి ఏరుతుంది, పేర్లు మాత్రం రావు, నంబర్లతో వేల ఫైళ్లు వస్తాయి. వాటిని వేరే డిస్క్‌లోకి తీయాలి. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ (చెరిపిన చోటుని డిస్క్ తనే ఖాళీ చేసుకునే పద్ధతి) వల్ల డిలీట్ అయినది త్వరగానే నిజంగా పోతుంది, ఆశ తక్కువ. డిస్కే టిక్ టిక్ మంటూ చనిపోతుంటే విండోస్ చెక్‌డిస్క్ నడపొద్దు, అది బలహీనమైన డిస్క్‌ని ఇంకా రుద్దుతుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో ముందు మొత్తం ఇమేజ్ తీసి, తర్వాత ఆ ఇమేజ్ మీద ప్రయోగాలు చేయండి. దాని మ్యాప్ ఫైల్ దాచుకుంటే మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి సాగుతుంది. ఆ డిస్క్‌లో ఉన్నది కంపెనీకి ప్రాణమైతే ఇవేవీ చేయకుండా పవర్ తీసి నిపుణులకి ఇవ్వండి.

ర్యాన్సమ్‌వేర్ పడితే ముందు నెట్‌వర్క్ కేబుల్ ఊడదీయండి, వైఫై ఆపండి. కంగారులో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని తెచ్చి ఆ మెషిన్‌కే తగిలించేవాళ్లు ఉంటారు, అదొక్కటి చేయకండి. లాక్ అయిన ఫైళ్లని చెరిపేయకండి కూడా. యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ ర్యాన్సమ్‌లో కొన్ని రకాలకి తాళాలు ఉచితంగా దొరుకుతాయి, ఈరోజు లేనిది ఏడాది తర్వాత రావచ్చు. రీస్టోర్ చేసేముందు వాళ్లు ఎప్పుడు లోపలికి వచ్చారో తెలుసుకోవాలి, మూడు వారాల కింద వచ్చి ఉంటే నిన్నటి బ్యాకప్‌లో వాళ్ల దొంగ దారి కూడా ఉంటుంది. వారం బ్యాకప్‌లే ఉంచుకుని పాతవి చెరిపేసే సెట్టింగ్ మీ దగ్గర ఉంటే ఇప్పుడే మార్చండి.

రౌటర్, స్విచ్‌ల కాన్ఫిగరేషన్ ఫైళ్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీలు, ప్రతి లాప్‌టాప్‌దీ 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ, ఇవి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తీసుకోదు. మదర్‌బోర్డు మార్చిన రోజు విండోస్ ఆ 48 అంకెలు అడిగి కూర్చుంటుంది. అన్నీ కాగితం మీద, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌తో పాటే బయట పెట్టండి.

కొనాల్సింది ఏమిటని అడిగారు కాబట్టి: స్కానర్ ఏదీ కొనొద్దు. రెండు పెద్ద ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు కొనండి, రీస్టోర్ పరీక్షలకి సర్వర్ ఇమేజ్ పట్టేంత డిస్క్ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి పూర్తిగా మీకే ఇప్పించమనండి, పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ దొరికితే దాన్ని మార్పించండి. ఇవన్నీ అయ్యి, మూడు రీస్టోర్లు కుదిరాక కూడా ఎండీ గారికి డబ్బు పెట్టాలని ఉంటే, బయటి ఆడిటర్‌ని ఒకసారి పిలిపించండి. ఆయన వచ్చిన రోజు మీరు చేసిన ఆ మొదటి పరీక్షే మళ్లీ చేయమనండి, మామూలు ఉద్యోగి లాగిన్ ఇచ్చి, అక్కడి నుంచి బ్యాకప్ వరకు వెళ్లగలరేమో చూడమని.